మూడో లైన్ మారితే ఎవరికి నష్టం?

టెర్మినల్‌లో ఒక కమాండ్ కొట్టి, పక్కన ఏ ఆప్షనూ పెట్టకుండా ఎంటర్ నొక్కితే ఏది వస్తుందో అదే డిఫాల్ట్ అవుట్‌పుట్. దాన్ని మార్చొచ్చా, మార్చకూడదా అనే గొడవ బయటివాళ్ళకి చాలా చిన్నదిగా కనిపిస్తుంది. ఒక కాలమ్ తీసేశారు, ఇంకోటి కలిపారు, దానికింత రచ్చ ఎందుకు అనిపిస్తుంది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. చదివే మనిషిని తప్పుదారి పట్టిస్తున్న డిఫాల్ట్‌ని మార్చి తీరాలి, పాతవాళ్ళు ఎంత గొడవ చేసినా సరే. కానీ మార్చడానికి ఒక పద్ధతి ఉంది. అది పాటించకపోతే ఎంత మంచి మార్పయినా ఎక్కడో ఒకరికి చెప్పాపెట్టకుండా తప్పు లెక్క చూపిస్తుంది. ఈ రెండిటికీ ఒకే కమాండ్‌లో ఉదాహరణ దొరుకుతుంది. అదే లినక్స్‌లో మెమరీ ఎంత ఉందో చూపించే ‘ఫ్రీ’.

ఫస్టియర్ వాళ్ళ కోసం కొంచెం వివరం. లినక్స్ ర్యామ్‌ని ఊరికే ఖాళీగా వదిలెయ్యదు. డిస్క్ నుంచి చదివిన ఫైళ్ళని, మళ్ళీ అవసరం పడతాయేమో అని, మిగిలిన ర్యామ్‌లో దాచి ఉంచుతుంది. దీన్నే క్యాష్ అంటాం. బస్సులో పక్క సీటు ఖాళీగా ఉంటే మన బ్యాగ్ అక్కడ పెట్టుకుంటాం కదా, అలాంటిదే. ఎవరైనా వచ్చి నిలబడితే బ్యాగ్ తీసి ఒళ్ళో పెట్టుకుంటాం. అంటే ఆ సీటు నిండినట్టు కాదు, అలాగని పూర్తిగా ఖాళీ అనీ కాదు. అడిగితే దొరికే సీటు.

పాత ఫ్రీ కమాండ్ ఈ బ్యాగ్ పెట్టిన సీట్లని మొదటి లైన్‌లో నిండిన సీట్ల కిందే లెక్కేసేది. 4 జీబీ ల్యాప్‌టాప్ అనుకోండి. మొత్తం 3900 ఎంబీ, వాడినది 3600, ఖాళీ 300 అని చూపించేది. ఆ 3600లో 2100 ఎంబీ బఫర్లూ క్యాషే అయి ఉండొచ్చు. అందుకే కింద ఇంకో లైన్ ఉండేది. దాని పేరు ‘ప్లస్ మైనస్ బఫర్స్ క్యాష్’. అందులో క్యాష్‌ని తీసేసి మళ్ళీ లెక్కేస్తే, వాడినది 1500, ఖాళీ 2400 అని వచ్చేది. అంటే మనిషికి కావాల్సిన జవాబు రెండో లైన్‌లో ఉండేది, అదీ ఎవరికీ అర్థం కాని పేరుతో. చూడగానే కంటికి కనిపించే మొదటి లైన్‌లో మాత్రం భయపెట్టే నంబర్ ఉండేది.

ఇది ఎంత మందిని కంగారు పెట్టిందంటే, ‘లినక్స్ నా ర్యామ్ తినేసింది’ అనే అర్థం వచ్చే పేరుతో ఇంగ్లీషులో ఏకంగా ఒక వెబ్‌సైటే వచ్చింది. ఏమీ తినలేదు, కంగారు పడకండి, ఫలానా లైన్ చూడండి అని చెప్పడమే దాని పని. ఒక కమాండ్ చూపించే నాలుగు లైన్లు చదవడానికి వేరే సైట్ కావాల్సి వచ్చిందంటే, లోపం చదివేవాడిలో లేదు, ఆ నాలుగు లైన్లలోనే ఉంది.

అయితే ‘తెలిసినవాళ్ళకి రెండో లైన్ చాలు కదా, ఎందుకు మార్చడం’ అని అడగొచ్చు. నిజానికి ఆ రెండో లైన్ కూడా కాలక్రమంలో చెడిపోయింది. క్యాష్ మొత్తం అడగ్గానే వెనక్కి ఇచ్చేది కాదు. ప్రోగ్రాములు పంచుకునే షేర్డ్ మెమరీ, ర్యామ్‌లోనే ఉండే టెంపరరీ ఫైల్ సిస్టమ్‌లు కూడా ఆ లెక్కలోకే వస్తాయి. వాటిని అలా పక్కకి తోసెయ్యలేం. కాబట్టి ఖాళీ ప్లస్ క్యాష్ అనే పాత కూడిక రోజురోజుకీ అబద్ధానికి దగ్గరవుతూ వచ్చింది. 2014లో వచ్చిన లినక్స్ కెర్నెల్ 3.14లో ‘మెమ్ అవైలబుల్’ అని కొత్త అంచనా చేర్చారు. స్వాప్ జోలికి పోకుండా కొత్త ప్రోగ్రాముకి ఎంత మెమరీ ఇవ్వగలను అని కెర్నెలే లెక్కేసి చెబుతుంది. ఫ్రీ కమాండ్‌ని చూసుకునే ప్రాక్‌పీఎస్ ఎన్‌జీ బృందం కూడా అదే ఏడాది 3.3.10 వెర్షన్‌లో డిఫాల్ట్ అవుట్‌పుట్ మార్చేసింది. ప్లస్ మైనస్ లైన్ పోయింది. బఫర్స్, క్యాష్ కలిపి ఒకే కాలమ్ అయ్యాయి. చివర్లో ‘అవైలబుల్’ అనే కాలమ్ వచ్చింది.

ఈ మార్పు సరైనదే. ఇక్కడ నాకు ఏ సందేహమూ లేదు. ఇది అందం కోసం చేసింది కాదు. పాత లైన్ తప్పు చెబుతోంది, కొత్త కాలమ్ నిజానికి దగ్గరగా చెబుతోంది. మార్చడానికి అంతకంటే పెద్ద కారణం ఏం కావాలి? ఇప్పటికీ సగమే బాగుపడిందని కూడా అంటాను. ఎందుకంటే ‘ఫ్రీ’ అనే కాలమ్ ఇంకా అవైలబుల్ కంటే ముందే ఉంది. మా హాస్టల్లో ఒకడు ఆ కాలమ్‌లో 280 ఎంబీ చూసి, ర్యామ్ అయిపోయింది, ఇంకోటి కొనాలి అని ఇంటికి ఫోన్ చేసి డబ్బులు అడిగాడు. వాళ్ళ నాన్నగారు పంపిస్తానని కూడా అన్నారు. పక్క రూమ్ అన్న వచ్చి చివరి కాలమ్ చూపించాడు కాబట్టి సరిపోయింది. అందులో రెండు వేల పైనే ఉంది. చదువుకునే పిల్లాడు అడిగితే ఇంట్లోవాళ్ళు నంబర్ సరిగ్గా చదివావా అని అడగరు, అప్పు చేసైనా పంపిస్తారు. డిఫాల్ట్ అనేది చిన్న విషయం కాదని నేను అనేది అందుకే.

ఇక రెండో వైపు. ఇది నేను చేరకముందు జరిగింది, సీనియర్లు చెబితే విన్నాను. ఒక ల్యాబ్‌లో ప్రతి సిస్టమ్‌లో ఎంత మెమరీ ఖాళీగా ఉందో పొద్దున్నే లిస్ట్ తీసే చిన్న షెల్ స్క్రిప్ట్ ఉండేది. ఎప్పుడో పాత బ్యాచ్ వాళ్ళు రాసి పెట్టింది. అందులో లాజిక్ ఒకే ముక్క: ఫ్రీ కమాండ్ నడుపు, మూడో లైన్ తీసుకో, అందులో నాలుగో మాట చూపించు. పాత అవుట్‌పుట్‌లో హెడింగ్ మొదటి లైన్, మెమరీ రెండో లైన్, ప్లస్ మైనస్ లైన్ మూడోది. దాని నాలుగో మాట, క్యాష్ తీసేశాక మిగిలిన ఖాళీ. సరిగ్గా కావాల్సిన నంబరే. ఉబుంటు 14.04 ఉన్నన్నాళ్ళూ బాగానే నడిచింది.

తర్వాత ల్యాబ్ సిస్టమ్‌లకి కొత్త వెర్షన్ వేశారు. కొత్త ఫ్రీలో ప్లస్ మైనస్ లైన్ లేదు. కాబట్టి మూడో లైన్‌లోకి స్వాప్ వచ్చి కూర్చుంది. స్వాప్ లైన్‌లో కూడా నాలుగో మాట ఉంది, అది ఖాళీగా ఉన్న స్వాప్. స్క్రిప్ట్ ఏ ఎర్రరూ ఇవ్వలేదు. ఏమీ జరగనట్టు నంబర్ ఇస్తూనే ఉంది. అన్ని సిస్టమ్‌లకీ 2 జీబీ స్వాప్ పెట్టారు కాబట్టి దాదాపు అన్నిటికీ 2047 అని వచ్చేది. ల్యాబ్‌లో ఉండే అన్న ఆ లిస్ట్ చూసి, ప్రాజెక్ట్ వాళ్ళకి ‘ఇది ఖాళీగానే ఉంది, ఇక్కడ కూర్చో అమ్మా’ అని సీట్లు ఇచ్చేవాడు. ఫైనల్ ఇయర్ అక్క ఒకామెకి అలా ఇచ్చిన సిస్టమ్‌లో అంతకుముందు ఎవరో వర్చువల్ మెషీన్ నడిపించి ఆపకుండా వదిలేశారు. ఆమె ఎమ్యులేటర్ తెరవగానే సిస్టమ్ మొత్తం బిగుసుకుపోయేది. లిస్ట్‌లో 2 జీబీ ఖాళీ అని ఉంది కాబట్టి తప్పు తన కోడ్‌లోనే ఉందనుకుని రెండు రోజులు కోడ్ తవ్వుకుంది. రివ్యూ రోజు డెమో మధ్యలో ఆగిపోయింది, మార్కులు పోయాయి. తర్వాత ఎవరో లిస్ట్ చూసి, అన్ని సిస్టమ్‌లకీ ఒకే నంబర్ ఎలా వస్తుంది అని అడిగితే అప్పుడు బయటపడింది.

ఇక్కడ ఎవరిది తప్పు? లైన్ నంబర్ లెక్కపెట్టి స్క్రిప్ట్ రాసినవాళ్ళదే అని మనలో చాలామంది వెంటనే అంటారు. అది సగం నిజం. కానీ యూనిక్స్ మనకి నేర్పించిందే అది కదా. ఒక కమాండ్ అవుట్‌పుట్ ఇంకో కమాండ్‌కి ఇన్‌పుట్, మధ్యలో పైప్. ఓఎస్ ల్యాబ్‌లో మొదటి నెలలోనే చేయించేది ఇదే. టెక్స్ట్ రూపంలో బయటికి వచ్చే ప్రతి లైన్‌నీ ఎక్కడో ఏదో ప్రోగ్రాము చదువుతూ ఉండొచ్చు అని మొదటి నుంచీ చెప్పి, తీరా చదివాక ‘అది మనుషుల కోసం పెట్టింది, నువ్వెందుకు చదివావు’ అంటే ఎలా? మార్పుని వ్యతిరేకించేవాళ్ళ వాదనలో బలం ఇక్కడే ఉంది. దాన్ని కొట్టిపారెయ్యలేం.

కానీ ఆ వాదనని చివరిదాకా తీసుకెళ్తే ఎక్కడ తేలుతామో తెలుసుకోవాలంటే మేక్‌ఫైల్ చూడండి. కమాండ్ ముందు ట్యాబ్ బదులు స్పేస్‌లు పెట్టి ‘మిస్సింగ్ సెపరేటర్’ ఎర్రర్ తినని సీఎస్ఈ విద్యార్థి ఉన్నాడంటే నేను నమ్మను. మేక్ రాసిన స్టువర్ట్ ఫెల్డ్‌మన్‌కి ఆ ట్యాబ్ రూల్ ఇబ్బంది అని మొదట్లోనే తెలుసు. కానీ అప్పటికే ఓ పన్నెండు మంది వాడుతున్నారు, వాళ్ళని ఇబ్బంది పెట్టడం ఎందుకులే అని వదిలేశాడు. ఇది 1970ల మాట. ఆ పన్నెండు మంది సుఖం కోసం, తర్వాత యాభై ఏళ్ళుగా ఎన్ని లక్షల మంది కొత్తవాళ్ళు ఆ ఎర్రర్ తింటున్నారో ఆలోచించండి.

డిఫాల్ట్ గురించిన ప్రతి చర్చలోనూ ఈ అన్యాయం ఒకటి దాగి ఉంటుంది. మారిస్తే నష్టపోయేది పాతవాళ్ళు. వాళ్ళకి ఏం పోయిందో వాళ్ళకి తెలుసు, ఎక్కడ అడగాలో తెలుసు, గట్టిగా అడుగుతారు. మార్చకపోతే నష్టపోయేది కొత్తవాళ్ళు. వాళ్ళకి నష్టపోతున్నామనే తెలియదు. ‘నాకే అర్థం కావట్లేదేమో’ అనుకుని ఊరుకుంటారు. ఇంకో పదేళ్ళ తర్వాత రాబోయేవాళ్ళైతే ఇంకా ఈ రంగంలోకే రాలేదు. కాబట్టి వచ్చిన ఫిర్యాదులు లెక్కపెట్టి నిర్ణయం తీసుకుంటే ఎప్పుడూ పాతదే గెలుస్తుంది.

మన సాహితీ క్లబ్ వాళ్ళకి ఈ కథ కొత్త కాదు. ఆగస్టు 29న మనం తెలుగు భాషా దినోత్సవం చేసేది గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజని. 1863లో పుట్టిన ఆయన చేసిన పోరాటం ఒక రకంగా డిఫాల్ట్ మార్చమనే పోరాటమే. రాతకి డిఫాల్ట్ గ్రాంథికంగా ఉండేది, వ్యావహారికం చెయ్యమన్నారు. కష్టపడి గ్రాంథికం నేర్చుకున్న పండితులకి గొంతు ఉంది. ఆ భాష అర్థం కాక బడిలో వెనకబడిన పిల్లాడికి గొంతు లేదు. వాడి తరఫున ఒకరు మాట్లాడాల్సి వచ్చింది. ఇంగ్లీష్ మీడియంలో చదివి, ఇప్పుడు ఈ వ్యాసం నాకు వచ్చిన తెలుగులో రాయగలుగుతున్నానంటే ఆ మార్పు వల్లే. గ్రాంథికంలో రాయమంటే మొదటి పేరాలోనే లాప్‌టాప్ మూసేసేవాణ్ణి.

అయితే పోలిక ఒకచోట తెగిపోతుంది. భాష మారినా మనిషి రెండూ చదవగలడు. కొంచెం తడబడినా సందర్భం బట్టి అర్థం చేసుకుంటాడు. స్క్రిప్ట్ అలా కాదు. మూడో లైన్ అంటే మూడో లైనే. అందుకే చదివేది ఎవరు అన్నదాన్ని బట్టి నియమం మారాలి.

లినక్స్‌లోనే దీనికి చక్కటి ఉదాహరణ ఉంది. ఫ్రీ కమాండ్ తన నంబర్లు తెచ్చుకునేది ప్రాక్ కింద ఉండే మెమ్‌ఇన్ఫో అనే ఫైల్ నుంచి. అందులో దాదాపు ప్రతి నంబర్ పక్కనా కేబీ అని రాసి ఉంటుంది. నిజానికి అది 1000 బైట్ల కిలోబైట్ కాదు, 1024 బైట్ల కిబీబైట్. లేబుల్ తప్పని తెలుసు. అయినా మార్చరు, ఎందుకంటే దాన్ని ఎన్నో ప్రోగ్రాములు చదువుతాయి. 2014లో మెమ్ అవైలబుల్ చేర్చినప్పుడు కూడా కొత్త పేరుతో ఒక లైన్ కలిపారంతే. పాత లైన్ల పేర్లు ముట్టుకోలేదు. పేరు చూసి నంబర్ తీసుకునే ప్రోగ్రాములకి ఏమీ కాలేదు. ప్రోగ్రాములు చదివేచోట తప్పు లేబుల్‌ని కూడా అలాగే ఉంచడం, మనుషులు చదివేచోట ధైర్యంగా మార్చడం, రెండూ సరైనవే అని నేనంటాను.

ఈ తేడాని గుర్తించిన టూల్స్ ఉన్నాయి. 2016లో కోర్‌యుటిల్స్ 8.25లో ఎల్ఎస్ కమాండ్, స్పేస్‌లున్న ఫైల్ పేర్ల చుట్టూ కోట్ గుర్తులు పెట్టడం డిఫాల్ట్ చేసింది. కానీ అవుట్‌పుట్ టెర్మినల్ మీదకి వెళ్తేనే. పైప్‌లోకి వెళ్తే పాత పద్ధతే. మనిషికి నచ్చినా నచ్చకపోయినా స్క్రిప్ట్‌లు మాత్రం బతికాయి. డిస్క్‌ల వివరాలిచ్చే ఎల్ఎస్‌బీఎల్‌కే ఇంకో అడుగు ముందుకేసింది. నా డిఫాల్ట్ అవుట్‌పుట్ మారుతుంది, స్క్రిప్ట్‌లలో దాని మీద ఆధారపడకండి, కావాల్సిన కాలమ్‌లు పేరు చెప్పి అడగండి అని దాని మాన్యువల్‌లోనే రాసి ఉంటుంది. జేసన్ రూపంలో కావాలంటే దానికీ ఆప్షన్ ఉంది. డీఎఫ్ సంగతి ఇంకా సరదా. పాజిక్స్ ప్రమాణం డిస్క్ సైజులు 512 బైట్ల లెక్కలో చూపించమంటుంది. గ్నూ వాళ్ళు మనిషికి అది పనికిరాదని 1024 బైట్లు డిఫాల్ట్ చేశారు. ప్రమాణమే కావాలన్నవాళ్ళ కోసం ఒక ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ఇచ్చారు. ఇప్పుడు దాని పేరు పాజిక్స్‌లీ కరెక్ట్. మొదట్లో పెట్టిన పేరు పాజిక్స్ మీ హార్డర్. కోపంగానే అయినా, పాత దారి మాత్రం మూసెయ్యలేదు.

వీటితో పోలిస్తే ఫ్రీ మార్పులో నాకు కనిపించే లోపాలు రెండు. ఒకటి, పాత లైన్‌ని తిరిగి తెచ్చుకునే ఆప్షన్ ఇవ్వలేదు. రెండోది ఇంకా ఇబ్బందికరం. ‘యూజ్డ్’ అనే కాలమ్ పేరు అలాగే ఉంచి లోపల అర్థం మార్చారు. పాత మొదటి లైన్‌లో క్యాష్ కూడా అందులో కలిసి ఉండేది. 3.3.10 తర్వాత మొత్తంలోంచి ఫ్రీ, బఫర్లు, క్యాష్ తీసేస్తే వచ్చేది. ఇప్పటి 4 సిరీస్‌లో మొత్తంలోంచి అవైలబుల్ తీసేస్తే వచ్చేది. పేరు ఒకటే, లెక్కలు మూడు. వేరే వేరే వెర్షన్లున్న రెండు సిస్టమ్‌ల నంబర్లు పక్కపక్కన పెట్టి రిపోర్ట్‌లో పోల్చేవాళ్ళకి ఇది కనిపించని గొయ్యి.

అందుకని నాకు తోచిన నియమాలు ఇవి. డిఫాల్ట్ తప్పు అర్థం ఇస్తుంటే మార్చండి, రుచి కోసమైతే మార్చొద్దు. అర్థం మారితే పేరు కూడా మార్చండి. పాత స్క్రిప్ట్ తప్పు నంబర్ ఇవ్వడం కంటే ఎర్రర్ కొట్టి ఆగిపోవడం నయం. ఆ అక్క స్క్రిప్ట్ ఆగిపోయి ఉంటే, అదే రోజు ఎవరో ఒకరు బాగుచేసేవాళ్ళు. ప్రోగ్రాముల కోసం పేర్లతో ఉండే వేరే దారి ఇవ్వండి, దాన్ని మాత్రం కదపొద్దు.

ఇన్ని నియమాలు ప్రతి టూల్‌కీ అక్కర్లేదని కూడా ఒప్పుకుంటాను. మనవాళ్ళు స్క్రీన్‌షాట్‌లు పెట్టే నియోఫెచ్, ఫాస్ట్‌ఫెచ్ లాంటివి ఉన్నాయి. నియోఫెచ్‌ని 2024లో ఆర్కైవ్ చేసేశారు, ఇప్పుడు చాలామంది ఫాస్ట్‌ఫెచ్‌కి మారారు. లోగో పక్కన థీమ్, ఫాంట్, ఐకాన్లు చూపించడం అలంకారం. దాన్ని ఎవరు ఎలా మార్చినా ఎవరి మార్కులూ పోవు. అయితే అక్కడ కూడా డిఫాల్ట్ ఒక నిర్ణయమే. ఫాస్ట్‌ఫెచ్ ఏమీ అడక్కుండానే లోకల్ ఐపీ అడ్రస్ కూడా చూపిస్తుంది. ఇంటి వైఫై అడ్రస్‌తో ఎవరూ పెద్దగా ఏమీ చెయ్యలేరు, నిజమే. కానీ కోరుకున్న అందం కోసం స్క్రీన్‌షాట్ పెట్టేవాడు, కోరుకోని వివరం కూడా పెట్టేస్తున్నాడు. అలాంటిది అడిగితేనే చూపించాలి. ఇష్టం లేనివాళ్ళు కాన్ఫిగ్ ఫైల్ తయారు చేసుకుని ఆ లైన్ తీసెయ్యొచ్చు, రెండు నిమిషాల పని.

మనం ఇంకా ఫ్రీ లాంటివి రాసే స్థాయికి రాలేదు కదా, ఇదంతా మనకెందుకు అనుకోకండి. ఈ సెమిస్టర్ మినీ ప్రాజెక్టుల్లో సగం టెర్మినల్ మీద ఏదో ఒకటి ప్రింట్ చేసేవే. జూనియర్లు వాటినే తీసుకుని ముందుకు పొడిగిస్తారు. ప్రింట్ చేసే ప్రతిచోటా, దీన్ని చదివేది మనిషా, ప్రోగ్రామా అని ఒకసారి అడగండి. మనిషైతే అతనికి కావాల్సిన జవాబు మొదట పెట్టండి, ప్రోగ్రామైతే లైన్ నంబర్ మీద కాకుండా పేరు మీద ఆధారపడేలా చెయ్యండి. మీ డిపార్ట్‌మెంట్‌లో కూడా ఎవరో పాత బ్యాచ్ రాసిన ఇలాంటి స్క్రిప్ట్ ఉండే ఉంటుంది. ఈ వారం ఒకసారి తెరిచి, మూడో లైన్, నాలుగో మాట అని ఎక్కడైనా ఉందేమో చూడండి. ఉంటే మెమ్‌ఇన్ఫోలో మెమ్ అవైలబుల్ అనే పేరు చూసి చదివేలా మార్చండి. రెండు లైన్ల పని, రివ్యూలకి ముందే చేసెయ్యండి.